చదివింది ఒకటి, చూపించేది ఇంకొకటి: పరిశోధన గైడ్లకు ఒక బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పరిశోధనకు దారి చూపే గైడ్లకు, పరిశోధన విభాగాల అధికారులకు, సిద్ధాంత గ్రంథాలను పరీక్షించే పెద్దలకు,

నమస్కారం.

నేను కావలిలో ఉంటాను. డిగ్రీ కాలేజీ లైబ్రరీలో ఇరవై ఆరేళ్లు పనిచేసి రిటైరయ్యాను. పీహెచ్‌డీ చేసే పిల్లలు సిద్ధాంత గ్రంథం చివరి పేజీలు పట్టుకుని ఇప్పటికీ ఇంటికి వస్తుంటారు, పాదసూచికలూ ఉపయుక్త గ్రంథసూచీ సరిచూసి పెట్టమని. అలా చూసిన వాటి గురించే గత రెండేళ్లలో మూడు విజ్ఞాపనలు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు కార్డులు వెనక్కి వచ్చాయి గానీ జవాబు రాలేదు. అందుకని అందరి ముందూ పెడుతున్నాను.

ఆన్‌లైన్ డేటాబేస్‌లో చూసిన సంగతిని పరిశోధన పత్రంలో ఆకరంగా చూపించవచ్చా? చూపిస్తే ఎలా చూపించాలి? ఇంతే విషయం. మన దగ్గర రెండు రకాల అలవాట్లు ఉన్నాయి. కొందరు గైడ్లు "వెబ్‌సైట్లు వద్దు, పుస్తకాల పేర్లు పెట్టండి" అంటారు. ఇంకొందరు "మూలం: ఇంటర్నెట్" అని రాసుకొచ్చినా సంతకం పెట్టేస్తారు. మొదటివారిది చాదస్తం, రెండోవారిది ఉదాసీనత అనిపిస్తుంది. చదివేవాడికి మాత్రం రెండింటివల్లా జరిగేది ఒకటే. ఆ అంకె, ఆ వాక్యం ఎక్కడినుంచి వచ్చిందో వెళ్లి చూసుకునే వీలు లేకుండా పోతుంది.

పోయిన వేసవిలో ఒకమ్మాయి వచ్చింది. వాళ్లది పామూరు వైపు పల్లె. భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ మీద పరిశోధన. నాలుగో అధ్యాయంలో పెద్ద పట్టిక ఉంది, కనిగిరి, పామూరు, పీసీపల్లి మండలాల బావుల లెక్క. ఆ అంకెలన్నీ కేంద్ర భూగర్భ జల మండలి ఆన్‌లైన్‌లో పెట్టిన డేటాలోవి. కింద పాదసూచిక పద్ధతిగానే రాసుకుంది: సంస్థ పేరు, డేటా పేరు, బావి ఉన్న ఊరు, నమూనా తీసిన నెల, తాను డౌన్‌లోడ్ చేసుకున్న తేదీ. గైడ్ గారు దాన్ని ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టేసి పక్కన "బుక్ రిఫరెన్స్ ఇవ్వండి" అని రాశారు. ఆ అంకెలు ఏ పుస్తకంలోనూ లేవు. పాపం ఆ పిల్ల ఏం చేస్తుంది? జలవనరుల మీద ఏదో పాఠ్యపుస్తకం పేరు కనుక్కొని అక్కడ పెట్టింది. ఆ పుస్తకం అట్ట కూడా చూడలేదు. పేజీ 112 అని వేసింది.

"112 ఏందమ్మా?" అన్నాను.

"ఏదో ఒకటి వెయ్యాలి కదా సార్. 100 అని వేస్తే అనుమానం వస్తుంది" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు.

నిజం రాసిన పాదసూచిక తప్పయింది, అబద్ధం ఒప్పయింది. ఈ లేఖ రాయడానికి కారణం అదే. ఇక నా మాటలు ఒక్కొక్కటిగా చెబుతాను.

1. దారి వేరు, ఊరు వేరు. డేటాబేస్ అనే ఒకే పేరుతో మనం రెండు రకాల వాటిని పిలుస్తున్నాం. పరిశోధన పత్రికల పాత సంచికలు చదువుకునే జేస్టోర్ ఉంది, 1995లో మొదలైంది. శోధ్‌గంగ ఉంది, దేశంలోని పీహెచ్‌డీ గ్రంథాలను గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అందులో భద్రపరుస్తోంది. ఇవి దారులు. అక్కడ చదివింది ఫలానా వారి వ్యాసం, ఫలానా వారి సిద్ధాంత గ్రంథం. ఆకరంగా చూపాల్సింది ఆ వ్యాసాన్ని, ఆ గ్రంథాన్ని. నెల్లూరులో పెళ్లికి వెళ్లొచ్చినవాణ్ని ఎవరి పెళ్లి అని అడిగితే "పినాకినీ ఎక్స్‌ప్రెస్" అని చెప్పడు కదా. మన పిల్లలు అదే చెబుతున్నారు. "మూలం: శోధ్‌గంగ" అని రాసి ఊరుకుంటున్నారు. అక్కడున్న లక్షల గ్రంథాల్లో ఏది? ప్రతి గ్రంథానికీ అక్కడ మారని హ్యాండిల్ సంఖ్య ఒకటి ఉంటుంది. అది రాస్తే చాలు.

రెండో రకం వేరు. జనగణన పట్టికలు, భూగర్భ జలాల లెక్కలు, జన్యుక్రమాల జెన్‌బ్యాంక్. వీటిలో డేటాబేసే ఊరు. ఆ అంకె పుట్టిందీ, ఉన్నదీ అక్కడే. దానికి "బుక్ రిఫరెన్స్" అడగడమంటే లేని పుస్తకాన్ని పుట్టించమని పిల్లలకు చెప్పడమే. ఆకరాలు ఎలా రాయాలో చెప్పేది, చాలామంది గైడ్లు పాటించమనేది అయిన ఏపీఏ నియమావళి ఏడో కూర్పు కూడా ఈ తేడా చూస్తుంది. ఎక్కడైనా దొరికే వ్యాసానికి డేటాబేస్ పేరు అక్కర్లేదంటుంది, ఆ ఒక్కచోటే దొరికేదానికి పేరు రాయమంటుంది. కాలంతోపాటు మారే సమాచారమైతే చూసిన తేదీ కూడా వేయమంటుంది. మన విభాగాల్లో పంచే సూచనల కాగితాల్లో ఈ ముక్క నాకెక్కడా కనబడలేదు.

2. ఫ్లోరైడ్ పట్టిక సంగతి ఇంకాస్త చెప్పనివ్వండి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని మన ప్రమాణం ఐఎస్ 10500. వేరే నీటి వనరు లేనిచోట 1.5 దాకా ఒప్పుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు కూడా 1.5. అంటే ఒక బోరులో 1.3 వచ్చిందంటే, వేరే నీరు ఉందా లేదా అన్నదాన్నిబట్టి ఆ నీళ్లు తాగొచ్చో లేదో తేలుతుంది. పల్లెలో ఒక వీధి చేతిపంపుకూ రెండు వీధుల అవతలి బోరుకూ లోతు వేరు, నీళ్లు వేరు. ఎండాకాలం తీసిన నమూనా వేరు, వానల తర్వాత తీసినది వేరు. ఏ బావి, ఏ నెల అన్నవి పోతే మిగిలేది ఉత్త అంకె.

పట్టుమని పాతికేళ్లు లేని కుర్రాళ్ల పళ్లమీద గారలు, యాభై ఏళ్లకే వంగిన మోకాళ్లు ఆ మండలాల్లో తిరిగినవాళ్లందరికీ తెలుసు. రేపు ఆ ఊరివాళ్లు సోమవారంనాడు కలెక్టరేట్ గ్రీవెన్సుకు అర్జీ పట్టుకెళ్తారు. మా ఊరి పిల్లే పీహెచ్‌డీ చేసింది, ఇదిగో లెక్క అని చూపిస్తారు. ఈ అంకె ఎక్కడిది అని ఇంజనీరు అడుగుతాడు. పాదసూచికలో పాఠ్యపుస్తకం, పేజీ 112. ఆయన ఆ పేజీ తిప్పితే ఆ ఊరి పేరే ఉండదు. అప్పుడు పరువు పోయేది పరిశోధనదే కాదు, ఊరి మాట విలువ కూడా పోతుంది. అసలు అంకె నిజమైనదే అయినా సరే. అసలు పాదసూచికే ఉండనిస్తే ఆ ఇంజనీరు రెండు నిమిషాల్లో తన ఫోనులోనే చూసుకునేవాడు.

3. అచ్చు పుస్తకం పేరు పెడితే గౌరవం అనుకుంటాం. మన చరిత్ర, తెలుగు శాఖల్లో ఈ పిచ్చి ఎక్కువ. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి 1905లో నెల్లూరు జిల్లా శాసనాలను మూడు భాగాలుగా అచ్చు వేయించారు. మన రెండు జిల్లాల చరిత్రకారులకు అది తిరగలి రాయి లాంటిది, అది తిరక్కపోతే పిండి లేదు. ఒంగోలు తాలూకా 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరులోనే ఉండేది కాబట్టి ఒంగోలు శాసనాలూ అందులోనే ఉంటాయి. ఒంగోలు జిల్లా 1970లో ఏర్పడింది, 1972లో ప్రకాశం అయింది. కాబట్టి ఈనాటి ప్రకాశం మీద పనిచేసేవాడికీ ఆ మూడు భాగాలూ తప్పవు. నేను తిరిగిన లైబ్రరీల్లో ఆ మూడూ కలిసి ఒక్క బీరువాలోనూ కనబడలేదు. పిల్లలందరూ చూస్తున్నది ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని స్కాన్‌నే. అది తప్పు కాదు, మన అదృష్టం. ఉపయుక్త గ్రంథసూచిలో మాత్రం "మద్రాసు, 1905" అనే ఉంటుంది, ఏదో ఆ పాత పుస్తకం ముందు కూర్చుని పేజీలు తిప్పినట్టు.

తేడా ఏంటంటారా? స్కాన్‌లో పేజీలు పోయి ఉండొచ్చు, మడత పడి ఉండొచ్చు. దానికి తోడు యంత్రం చదివిన పాఠం ఉంటుంది. చాలామంది స్కాన్ చూడరు, ఆ పాఠంలో వెతికి కాపీ చేసుకుంటారు. అందులో తెలుగు అక్షరాలు కాకిగీతలై ఉంటాయి, అంకెలు ఒకటికొకటి మారి ఉంటాయి. శక 1153 కాస్తా 1158గా పడితే? 78 కలిపి క్రీస్తు శకంలోకి మార్చేసరికి ఐదేళ్లు జరుగుతుంది. చెరువు తవ్వించింది తండ్రో కొడుకో అయోమయం. తప్పు చేసింది యంత్రం, నింద పడేది బటర్‌వర్త్ మీద. ఆర్కైవ్‌లో ఏ ప్రతి చూశారో దాని గుర్తింపు సంఖ్య ఒక్కటి వేస్తే తర్వాతివాడు వెళ్లి సరిచూసుకుంటాడు. పండరంగని అద్దంకి శాసనం 848 నాటిదని చెప్పే మన జిల్లాల్లో ఒక సంవత్సరం విలువ ఎంతో నేను వేరే చెప్పాలా?

నిఘంటువుల సంగతి ఇంకా సరదా. చికాగో విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో పెట్టిన బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1903 నాటి కూర్పు. బ్రౌన్ దొర 1884లోనే పోయాడు. ఆ కూర్పును సవరించిన ముగ్గురిలో మన కందుకూరి వీరేశలింగం పంతులు ఒకరు. మన పరిశోధకులు అక్కడ వెతికి, పాదసూచికలో "బ్రౌన్, 1852" అని వేస్తున్నారు. పంతులుగారో, మిగతా ఇద్దరో చేర్చిన అర్థం ఉందనుకోండి, దాన్ని దొర నోట పెట్టినట్టు. అలాగే ఆంధ్రభారతిలో ఒక మాట వెతికితే నాలుగైదు నిఘంటువుల అర్థాలు వరసగా వస్తాయి. శబ్దరత్నాకరం చెప్పిందొకటి, సూర్యరాయాంధ్రం చెప్పింది ఇంకొకటి. "ఆంధ్రభారతి నిఘంటువు" అని రాస్తే ఎవరి మాట అది?

4. మారే అంకెలు. జల్ జీవన్ మిషన్ డాష్‌బోర్డు ఉంది. 2019 ఆగస్టు 15న ఆ పథకం మొదలైంది, ఇంటింటి కుళాయిల లెక్క ఆ డాష్‌బోర్డులో రోజూ మారుతూ ఉంటుంది. మార్చిలో చూసిన శాతం నవంబరులో ఉండదు. తేదీ వేయకుండా దాన్ని ఆకరంగా చూపితే పరీక్షకుడు తెరిచి చూసేసరికి వేరే అంకె కనబడుతుంది, పిల్లవాడు అబద్ధాలకోరు అవుతాడు. వైవాలో అలా తల దించుకున్న కుర్రాణ్ని నేను ఎరుగుదును. అతను రాసింది అక్షరాలా నిజం. ఆ రోజు స్క్రీన్‌షాట్ కూడా తీసిపెట్టుకోలేదు, అంతే.

జిల్లాలు కూడా కదులుతాయి. 2011 జనగణనలో నెల్లూరు జిల్లా జనాభా 29,63,557. ప్రకాశం 33,97,448. 2022 ఏప్రిల్ 4న గీతలు మారాయి. గూడూరు, సూళ్లూరుపేట వైపు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది, కందుకూరు నెల్లూరులోకి వచ్చింది, చీరాల, అద్దంకి వైపు బాపట్ల జిల్లాలో చేరింది. జిల్లా పేరు అదే, హద్దులు వేరు. కొత్త హద్దుల్లోని ఆస్పత్రి మంచాలను పాత హద్దుల జనాభాతో భాగించిన పత్రాన్ని నేనే చూశాను. కింద "మూలం: సెన్సస్ వెబ్‌సైట్" అని మాత్రమే ఉంది. ఏ సంవత్సరపు పట్టిక, ఏ హద్దులు అని ఒక్క మాట రాసి ఉంటే రాసినవాడికే తప్పు దొరికేది. ఇలాంటి నిష్పత్తులు పట్టుకునే కదా ఫలానా చోట పీహెచ్‌సీ కావాలనో అక్కర్లేదనో అధికారులు తేలుస్తారు. మంచం లేక ఒంగోలు దాకా ఆటోలో పోయే బాలింతకు ఈ పాదసూచికతో పనేముంది అనుకోవద్దు.

5. రొయ్యల చెరువుల మాట. 2009లో వనామి రొయ్య పెంపకానికి మన దేశంలో అనుమతి వచ్చాక మన తీరం రూపమే మారింది. తెల్లమచ్చ వైరస్ తగిలితే నలభై రోజుల పంట కొద్ది రోజుల్లోనే తేలిపోతుంది. రైతు అప్పు అలాగే ఉంటుంది. ఆ వైరస్ జన్యుక్రమాలు జెన్‌బ్యాంక్‌లో ఉన్నాయి. చైనాలో దొరికినదాని పొడవు సుమారు 3.05 లక్షల బేస్ జతలు, థాయ్‌లాండ్‌ది 2.93 లక్షలు, తైవాన్‌ది 3.07 లక్షలు. మన చెరువులోంచి తీసిన నమూనాను వీటిలో దేనితో పోల్చారు? "జెన్‌బ్యాంక్‌తో పోల్చి చూడగా" అని రాస్తే తెలియదు. ప్రతి రికార్డుకూ ఒక యాక్సెషన్ సంఖ్య, దాని చివర చుక్క పెట్టి కూర్పు సంఖ్య ఉంటాయి. రికార్డులోని క్రమాన్ని సవరిస్తే ఆ చివరి అంకె పెరుగుతుంది. ఈ ఏర్పాటు ఉన్నదే మనం రాయడం కోసం.

రొయ్య పేరు కూడా ఒక్కటిగా లేదు. 1997లో దాన్ని లిటోపీనియస్ ప్రజాతిలోకి మార్చారు, తర్వాత మళ్లీ పీనియస్ అనే పేరువైపే మొగ్గారు. ఒక పేరుతో వెతికినవాడికి రెండో పేరుతో ఉన్నవి కొన్ని దొరక్కపోవచ్చు. ఏ పేరుతో, ఏ తేదీన వెతికారో రాయకపోతే "ఈ విషయంపై పరిశోధనలు లేవు" అనే వాక్యానికి విలువ లేదు. మన సిద్ధాంత గ్రంథాల మొదటి అధ్యాయంలో ఆ వాక్యం లేనిది ఏదైనా ఉంటే చూడాలని నాకు కోరిక.

నేలపట్టు గూడబాతుల మీద పనిచేసేవాళ్లకు మాత్రం ఒక సుఖం ఉంది. జీవజాతులు ఎక్కడెక్కడ కనబడ్డాయో చెప్పే జీబీఐఎఫ్‌లో డేటా డౌన్‌లోడ్ చేసుకుంటే ఆ డౌన్‌లోడ్‌కే ఒక డీఓఐ, అంటే మారని గుర్తింపు సంఖ్య, ఇస్తారు. దాన్ని అలాగే తెచ్చి పెట్టుకోవడమే. అయినా అదీ కొట్టేసినవారు ఉన్నారు, "నంబర్లు ఎందుకు, వెబ్‌సైట్ పేరు చాలు" అని.

6. లింకులు చచ్చిపోతాయి కదా అని మీరు అనొచ్చు. నిజమే, చచ్చిపోతాయి. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లకు దొరకలేదని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో చెప్పింది. అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల్లోని లింకుల్లో సగం, అప్పుడు చూపిన సమాచారాన్ని ఇప్పుడు చూపించడం లేదని హార్వర్డ్ వాళ్లు లెక్క తేల్చారు. మన అనుభవానికే వస్తే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు మూతపడి, దాన్ని నమ్ముకుని రాసిన పాదసూచికలన్నీ గాల్లో కలిసిపోయాయి. ఆ పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బతికి ఉన్నాయి. పాత లింకు ఒక్కటే రాసినవాడు మునిగాడు, పుస్తకం పేరు, సంవత్సరం, పేజీ కూడా రాసినవాడు తేలాడు. అందుకే లింకుతో ఆగకూడదంటున్నాను, లింకు వద్దనడం లేదు. పాత వెబ్ పేజీలను దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్‌లో పేజీని భద్రపరచడానికి ఒక నిమిషం పడుతుంది, రూపాయి ఖర్చు లేదు.

7. సిమిలారిటీ టెన్షన్. "లింకులు ఎక్కువైతే ప్లేజియరిజం శాతం పెరుగుతుంది" అని ఒక గైడ్ గారు నాతోనే అన్నారు. యూజీసీ 2018 నిబంధనలు చదివితే ఆ భయం పోతుంది. పది శాతం దాకా శిక్ష లేదు. అదీకాక ఆ లెక్కలోంచి రిఫరెన్సులు, ఉపయుక్త గ్రంథసూచి, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు తీసేయాలని నిబంధనల్లోనే ఉంది. ఆకరం చూపించినందుకు ఎవరికీ శాతం పెరగదు.

8. ఒకే దేశం ఒకే చందా పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదం చెప్పింది. ముప్పై ప్రచురణ సంస్థల పత్రికలు దాదాపు 13,000, మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. ప్రభుత్వ విద్యాసంస్థల పిల్లలందరూ చదువుకోవడానికి మన పన్నుల డబ్బు అది. ఒక చేత్తో అంత డబ్బు కట్టి, ఇంకో చేత్తో అక్కడ చదివినదాన్ని కొట్టేస్తున్నాం.

గైడ్ల కష్టం నాకు తెలియక కాదు. ఒక్కొక్కరి కింద అరడజను మంది, పైన క్లాసులు, పరీక్షలు, నాక్ ఫైళ్లు. వికీపీడియా పేజీని ఎత్తి తెచ్చి అధ్యాయం అనేవాళ్లనూ, డబ్బు తీసుకుని వారంలో అచ్చేసే పత్రికలనూ చూసి చూసి "అసలు ఇంటర్నెట్టే వద్దు" అనేసి ఉంటారు. అందులో న్యాయం ఉంది. ఇప్పుడు చాట్‌జీపీటీ వచ్చాక ఇంకో గొడవ. లేని పుస్తకాన్ని, లేని వ్యాసాన్ని రచయిత పేరు, పేజీ నంబరుతో సహా ముచ్చటగా తయారుచేసి ఇస్తుంది. 2023లో న్యూయార్క్ లాయర్లు అలా పుట్టిన తీర్పులను కోర్టులో పెట్టి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. గమనించండి, ఆ దొంగ ఆకరాలు అచ్చం "బుక్ రిఫరెన్స్" లాగానే ఉంటాయి. వెబ్‌సైట్ వద్దు పుస్తకమే కావాలి అనే జల్లెడలోంచి అవి హాయిగా జారిపోతాయి. పట్టుబడేది యాక్సెషన్ సంఖ్య, డీఓఐ, హ్యాండిల్ అడిగినప్పుడే. అవి కూడా దొంగవి పెట్టొచ్చు, కానీ నొక్కి చూస్తే ఐదు సెకన్లలో బండారం బయటపడుతుంది.

ట్రంకు రోడ్డులోని ఒక డీటీపీ సెంటర్‌లో "బిబ్లియోగ్రఫీ కూడా మేమే పెట్టిస్తాం" అని చెప్పడం నా చెవులతో విన్నాను. పుస్తకాల జాబితా ఒకటి వాళ్ల కంప్యూటర్‌లో ఉంటుందట, సబ్జెక్టును బట్టి అతికిస్తారట. ఆ జాబితాకు గిరాకీ తెచ్చింది మనమే.

ఇక నేను కోరేవి.

అ. "వెబ్ ఆకరాలు వద్దు" అనే నోటిమాట నిబంధనను రద్దు చేస్తున్నట్టు పరిశోధన విభాగాలు రాతపూర్వకంగా చెప్పాలి. నోటిమాటగా పుట్టిన నిబంధన కాబట్టి ఎవరిని అడిగినా నాది కాదంటున్నారు.

ఆ. డేటాబేస్‌ను ఆకరంగా చూపేటప్పుడు ఏమేమి ఉండాలో ఒక్క పేజీ నమూనా తెలుగులో, ఇంగ్లీషులో ఇవ్వాలి. డేటా తయారుచేసిన సంస్థ, పట్టిక లేదా రికార్డు పేరు, సంవత్సరం, కూర్పు, సంఖ్య, చూసిన తేదీ, లింకు. పాత పుస్తకపు స్కాన్ అయితే అసలు పుస్తకం వివరాలూ, ప్రతి ఎక్కడిదో ఆ వివరమూ, రెండూ. నేను తయారుచేసిన నమూనాను మూడో విజ్ఞాపనతో జతచేశాను. అది నచ్చకపోతే మీరే మంచిది చేయండి.

ఇ. "మూలం: ఇంటర్నెట్", "మూలం: గూగుల్" అని రాసిన పత్రాన్ని సమర్పణకు ముందే వెనక్కి పంపాలి. ఈ విషయంలో మాత్రం దయ చూపవద్దని మనవి.

ఈ. మారే డేటా మీద ఆధారపడిన పట్టికలకు, వాడిన ఫైలును సిద్ధాంత గ్రంథంతోపాటు సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో జతచేయించాలి. ఆ ఫైళ్లను పారేయకుండా లైబ్రరీలో ఉంచాలి. బీరువా చోటు చాలదంటే నేను వచ్చి సర్దిపెడతాను.

ఉ. ప్రీ-పీహెచ్‌డీ కోర్సులో దీనికి రెండు రోజులు కేటాయించి, పాఠం లైబ్రేరియన్ల చేత చెప్పించాలి. మా జాతి మీద అభిమానంతో అడుగుతున్నానని అనుకున్నా ఫర్వాలేదు.

ఊ. పరీక్షకులు ప్రతి గ్రంథంలో కనీసం పది పాదసూచికలు ఎంచుకుని తెరిచి చూసి, చూసినట్టు రిపోర్టులో రాయాలి.

ఋ. సమాజానికి నేరుగా తగిలే పరిశోధనలకు, అంటే నీళ్లు, రొయ్యలు, ఆస్పత్రులు, భూముల మీద చేసిన వాటికి, పట్టికలూ వాటి ఆకరాలూ తెలుగులో ఒక అనుబంధంగా ఇప్పించాలి. ఆ ఊరి హైస్కూలు మాస్టారు చదువుకుని సరిచూసుకోగలిగేలా ఉంటే చాలు.

వీటిలో డబ్బు ఖర్చయ్యేది ఒక్కటీ లేదు, పెన్‌డ్రైవ్ తప్ప.

ఆ పామూరు అమ్మాయి గ్రంథం ఇంకా సమర్పించలేదు. ముసాయిదా ప్రతి నా బల్లమీదే ఉంది. 112 చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టాను, ఎర్ర ఇంకుతో కొట్టేసిన పాత పాదసూచికను పక్కనే మళ్లీ రాసి ఉంచాను. రెండింటిలో ఏది టైపు చేయించుకోవాలని ఆమె అడుగుతోంది. వచ్చే నెల పదో తేదీ గడువు. అంతకుముందే మీ జవాబు వస్తుందని చూస్తుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లైబ్రేరియన్,
కావలి.